జాన్ వాన్ నాయ్‌మన్

జాన్ వాన్ నాయ్‌మన్ (డిసెంబర్ 28, 1903 - ఫిబ్రవరి 8, 1957) హంగేరీలో జన్మించి అమెరికాలో స్థిరపడిన గణిత శాస్త్రవేత్త. సమితి సిద్ధాంతం, క్వాంటమ్ యాంత్రికశాస్త్రం, క్రీడా సిద్ధాంతం, కంప్యూటరు నిర్మాణం, వాతావరణ గణనం వంటి పరస్పర సంబంధం లేని రంగాలలో మౌలికమైన కృషి చేశాడు. కంప్యూటరు శాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ ఈయన పేరు మొదటి పాఠాలలోనే ఎదురవుతుంది. అయితే జీవితపు చివరి దశాబ్దంలో ఈయన చేపట్టి, పూర్తి చేయకుండానే వదలివెళ్ళిన పని ఒకటి ఉంది. ఒక యంత్రం తనవంటి మరొక యంత్రాన్ని తానే తయారు చేయగలదా అన్నది ఆ పనికి మూలమైన ప్రశ్న. దానికి సమాధానం వెదకే క్రమంలో పుట్టినవే సెల్యులార్ ఆటోమాటా. వీటిని తెలుగులో గడుల యంత్రాలు అనవచ్చును. ఈయన ఇతర కృషికి పుస్తకాలలో తగినంత చోటు దొరుకుతున్నది కనుక ఈ వ్యాసంలో ఈ విషయాన్ని కొంత విపులంగా చెప్పడం జరిగింది.

పేరు, బాల్యం

ఈయన అసలు పేరు నాయ్‌మన్ యానోష్ లాయోష్. హంగేరీవారు మనలాగే ఇంటిపేరును ముందు, సొంత పేరును తరువాత చెబుతారు. జర్మనీలో ఉన్నపుడు యోహాన్ అనీ, అమెరికా వెళ్ళిన తరువాత జాన్ అనీ పిలిపించుకున్నాడు. పేరులోని వాన్ అనేది 1913లో తండ్రికి ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యం ఇచ్చిన వంశపారంపర్య గౌరవానికి జర్మన్ రూపం. మన పాఠ్యపుస్తకాలలో ఈ పేరు వాన్ న్యూమన్ అని కూడా కనిపిస్తుంది. ఇద్దరూ ఒకరేనని విద్యార్థులు గమనించాలి.

ఈయన బుడాపెస్ట్ నగరంలో సంపన్న యూదు కుటుంబంలో ముగ్గురు అన్నదమ్ములలో పెద్దవాడుగా జన్మించాడు. తండ్రి మిక్షా బ్యాంకు వ్యవహారాలలో ఉండేవాడు. తల్లి పేరు మార్గిట్. చిన్నతనంలో ఇంటివద్దనే ఉపాధ్యాయుల సహాయంతో పలు భాషలు నేర్చుకున్నాడు. ఈయన జ్ఞాపకశక్తి గురించి, నోటిలెక్కల వేగం గురించి ఎన్నో కథలు ప్రచారంలో ఉన్నాయి. కొన్ని నిజమే కావచ్చు, చెప్పగా చెప్పగా పెరిగినవీ కొన్ని ఉండవచ్చు. వాటిని ఇక్కడ తిరిగి చెప్పడం లేదు.

ఆ కథలకంటే ముఖ్యమైన సంగతి వేరొకటి ఉంది. ఈయన చదివిన లూథరన్ ఉన్నత పాఠశాలలో లాస్లో రాట్జ్ అనే గణితోపాధ్యాయుడు ఉండేవాడు. ఈ బాలుడికి తరగతి గదిలో తాను చెప్పగలిగినది చాలదని గుర్తించి, విశ్వవిద్యాలయ స్థాయి అధ్యాపకులచేత విడిగా పాఠాలు చెప్పించాలని తండ్రికి సూచించింది ఆయనే. తరువాతి కాలంలో పెద్ద గణిత శాస్త్రవేత్తగా పేరుపొందిన గాబోర్ సెగో కూడా ఆ విధంగా పాఠాలు చెప్పినవారిలో ఉన్నాడు. అదే పాఠశాలలో ఒక తరగతి పైన చదివిన యూజీన్ విగ్నర్ 1963లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు. ఆయన కూడా రాట్జ్‌ను జీవితాంతం కృతజ్ఞతతో తలచుకున్నాడు. తన విద్యార్థి తనను మించినవాడని ముందుగా తానే చెప్పగలిగిన ఉపాధ్యాయులు ఎప్పుడూ తక్కువే.

ఉన్నత విద్య

కొడుకు గణితం చదివితే బ్రతుకుతెరువు ఉండదని తండ్రి భయపడ్డాడు. చివరకు ఇద్దరూ ఒక రాజీకి వచ్చారు. దాని ప్రకారం కొడుకు రసాయన ఇంజనీరింగు చదవడానికి మొదట బెర్లిన్, తరువాత జూరిచ్ వెళ్ళాడు. అదే సమయంలో బుడాపెస్ట్ విశ్వవిద్యాలయంలో గణిత విద్యార్థిగా పేరు నమోదు చేసుకుని, తరగతులకు హాజరు కాకుండా పరీక్షలకు మాత్రం వచ్చి వెళ్ళేవాడు. 1926 నాటికి ఇంజనీరింగు పట్టా, గణితంలో డాక్టరేటు రెండూ చేతికి వచ్చాయి. డాక్టరేటు పరిశోధన సమితి సిద్ధాంతపు స్వీకృతాల గురించినది.

తరువాత గోటింగెన్‌లో డేవిడ్ హిల్బర్ట్ వద్ద కొంతకాలం ఉన్నాడు. గణితమంతటినీ కొన్ని స్వీకృతాలపై లోపరహితంగా నిలబెట్టాలన్నది హిల్బర్ట్ ఆశయం. 1930లో కోనిగ్స్‌బర్గ్ సభలో కుర్ట్ గోడెల్ అనే యువకుడు ఆ ఆశయం నెరవేరదని సూచించే ఫలితాన్ని ప్రకటించినపుడు, దాని ప్రాముఖ్యాన్ని అక్కడికక్కడే గ్రహించినవాడు వాన్ నాయ్‌మన్. కొద్ది వారాలలోనే దాని నుండి మరొక పెద్ద ఫలితాన్ని రాబట్టి గోడెల్‌కు లేఖ వ్రాశాడు. కాని గోడెల్ దానిని అప్పటికే సాధించి ప్రచురణకు పంపి ఉన్నాడు. వాన్ నాయ్‌మన్ ఆ ఫలితంపై తన హక్కును చెప్పుకోలేదు. ఒక వ్యవస్థ తన గురించి తాను ఎంతవరకు చెప్పుకోగలదు అన్న ఈ ప్రశ్న మరొక రూపంలో ఆయన చివరి కృషిలో తిరిగి కనిపిస్తుంది.

ప్రిన్స్‌టన్

1930లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం ఈయనను ఆహ్వానించింది. 1933లో అదే ఊరిలో కొత్తగా నెలకొన్న ఉన్నత అధ్యయన సంస్థలో ఐన్‌స్టీన్ వంటివారితో పాటు తొలి ఆచార్యులలో ఒకడుగా నియమితుడయ్యాడు. అప్పటికి వయస్సు ముప్పై నిండలేదు. 1932లో క్వాంటమ్ యాంత్రికశాస్త్రపు గణిత పునాదులపై జర్మన్ భాషలో వ్రాసిన గ్రంథం వెలువడింది. 1937లో అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు. 1944లో ఆస్కార్ మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి వ్రాసిన క్రీడా సిద్ధాంత గ్రంథం అర్థశాస్త్రంలో కొత్త శాఖకు నాంది పలికింది.

1930లో మారియెట్ కోవెషితో వివాహం జరిగింది. వారి కుమార్తె మరీనా 1935లో జన్మించింది. 1937లో విడాకుల తరువాత, 1938లో క్లారా డాన్‌ను వివాహమాడాడు. క్లారా ఎలెక్ట్రానిక్ కంప్యూటర్లకు ప్రోగ్రాములు వ్రాసిన తొలితరం వారిలో ఒకరు. 1948లో ఎనియాక్ యంత్రంపై జరిగిన మాంటీ కార్లో గణనాలలో ఆమె పాత్ర చాలా కాలం ఎవరికీ పట్టలేదు.

యుద్ధకాలం

రెండవ ప్రపంచ యుద్ధంలో ప్రేలుడు తరంగాల గణితంలో ఈయన నిపుణుడు. 1943 నుండి లాస్ అలమోస్‌లోని అణుబాంబు పథకానికి సలహాదారు. ప్లుటోనియం గోళాన్ని అన్ని వైపుల నుండి ఒకేసారి లోపలికి నొక్కే అంతర్విస్ఫోటన పద్ధతి రూపకల్పనలో ఈయన గణనాలు కీలకమైనవి. 1945 ఆగస్టు 9న నాగసాకిపై వేసిన బాంబు ఆ పద్ధతిలో తయారైనదే. బాంబులు వేయవలసిన నగరాలను పరిశీలించిన సంఘంలో కూడా ఈయన సభ్యుడు. యుద్ధానంతరం హైడ్రోజన్ బాంబు తయారీని సమర్థించాడు. సోవియట్ యూనియన్ విషయంలో ఈయన వైఖరి సహచరులలో చాలామంది కంటే తీవ్రమైనది, ముందుగా దాడి చేయడమే మేలన్నంత వరకు వెళ్ళింది. ఈయనను ప్రశంసించే వ్యాసాలలో ఈ భాగం తరచు ఒక్క వాక్యంతో ముగుస్తుంది. అది న్యాయం కాదు.

కంప్యూటరు

1944 వేసవిలో ఆబర్డీన్ రైల్వే స్టేషనులో హెర్మన్ గోల్డ్‌స్టైన్ అనే సైనికాధికారితో జరిగిన పరిచయం వల్ల ఎనియాక్ నిర్మాణం గురించి ఈయనకు తెలిసింది. ఎనియాక్ వేగంగా లెక్కలు చేసేదే గాని, ఒక లెక్క నుండి మరొక లెక్కకు మారాలంటే తీగలు ఊడదీసి మళ్ళీ కలపవలసి వచ్చేది. దత్తాంశంతో పాటు ఆదేశాలను కూడా యంత్రపు స్మృతిలోనే నిలువ చేస్తే ఈ ఇబ్బంది ఉండదు. ఎడ్వాక్ అనే తరువాతి యంత్రం గురించి 1945లో ఈయన వ్రాసిన నివేదిక ఈ ఆలోచనను స్పష్టంగా వివరించింది. నేటికీ దీనిని వాన్ నాయ్‌మన్ నిర్మితి అంటారు.

ఈ పేరు వివాదాస్పదమైనది. ఎనియాక్ నిర్మాతలైన ఎకర్ట్, మాక్లీ ఈ విషయమై అప్పటికే ఆలోచనలు చేస్తున్నారు. గోల్డ్‌స్టైన్ ఆ నివేదికను వాన్ నాయ్‌మన్ ఒక్కడి పేరుతోనే పలువురికి పంపాడు. దానితో ఘనత ఒకరికే దక్కింది, బహిరంగమైన విషయం కనుక పేటెంటు పొందే అవకాశం కూడా మిగిలిన ఇద్దరికీ పోయింది. మరొకవైపు, ఆలోచన అందరికీ అందుబాటులోకి రావడం వల్లనే కంప్యూటర్లు త్వరగా వ్యాపించాయి. ప్రిన్స్‌టన్ సంస్థలో ఈయన ఆధ్వర్యంలో 1952 నాటికి పూర్తి అయిన యంత్రపు వివరాలను కూడా ఉచితంగా పంచిపెట్టారు. ఇజ్రాయిల్, స్వీడన్, ఆస్ట్రేలియా దేశాలలోని తొలి యంత్రాలు కొన్ని దాని ఆధారంగా నిర్మించినవే. ఆ యంత్రంపై హైడ్రోజన్ బాంబు లెక్కలూ వాతావరణపు లెక్కలూ రెండూ నడిచాయి. అంతకు ముందే 1950లో చార్నీ, ఫ్యోర్టాఫ్ట్‌లతో కలిసి ఎనియాక్‌పై తొలి కంప్యూటరు వాతావరణ సూచనను సాధించాడు. ఇరవైనాలుగు గంటల సూచనకు దాదాపు ఇరవైనాలుగు గంటలు పట్టింది.

తనను తాను నిర్మించుకునే యంత్రం

1948 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని పసడేనాలో మెదడు పనితీరుపై జరిగిన సభలో వాన్ నాయ్‌మన్ యంత్రాల సామాన్య సిద్ధాంతం గురించి ప్రసంగించాడు. సాధారణంగా ఒక యంత్రం తనకంటే సరళమైన వస్తువులనే తయారు చేస్తుంది. లేతు యంత్రం మరలు చేస్తుంది గాని లేతు యంత్రాన్ని చేయదు. కాని మామిడి చెట్టు మామిడి చెట్టునే ఇస్తుంది. పైగా జీవపరిణామంలో సరళమైన వాటి నుండి మరింత సంక్లిష్టమైనవి వచ్చాయి. ఈ భేదం జీవపదార్థపు ప్రత్యేకతా, లేక తగినంత సంక్లిష్టత ఉంటే యంత్రానికి కూడా సాధ్యమా?

ఇక్కడ ఒక తార్కిక చిక్కు ఉంది. తన వంటిదానిని నిర్మించాలంటే యంత్రం వద్ద తన వర్ణన ఉండాలి. ఆ వర్ణన కూడా యంత్రంలో భాగమే కనుక వర్ణనలో వర్ణన గురించిన వర్ణన, అందులో మరొకటి, ఇలా అంతులేకుండా పోతుంది. దీనికి వాన్ నాయ్‌మన్ కనుగొన్న పరిష్కారం చాలా సరళమైనది. వర్ణనను ఒక పొడవైన పట్టీపై వ్రాసి, దానిని రెండు విధాలుగా వాడాలి. మొదట దానిలోని ఆదేశాలను చదివి వాటి ప్రకారం కొత్త యంత్రాన్ని నిర్మించాలి. తరువాత అర్థంతో నిమిత్తం లేకుండా పట్టీని ఉన్నదున్నట్లు నకలు తీసి కొత్త యంత్రానికి జతచేయాలి.

దీనికి తాళపత్ర గ్రంథాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చును. వైద్యుడు గ్రంథాన్ని చదివి, అర్థం చేసుకుని ఔషధం తయారు చేస్తాడు. వ్రాయసగాడికి వైద్యం తెలియనక్కర లేదు, అక్షరం వెంట అక్షరం దించితే చాలు. గ్రంథం ఒక్కటే, ఉపయోగాలు రెండు. వ్రాయసగాడు ఒక అక్షరం తప్పు వ్రాస్తే తరువాతి ప్రతులన్నిటిలోనూ ఆ తప్పు వస్తుంది. అదే విధంగా పట్టీ నకలులో దొర్లిన మార్పు సంతతికి సంక్రమిస్తుంది. చాలా మార్పులు హానికరమైనవే, ఎప్పుడో ఒకటి మేలు చేయవచ్చు. ఉత్పరివర్తనం అని జీవశాస్త్రం చెప్పేది ఇదే. డి.ఎన్.ఏ. నిర్మాణాన్ని వాట్సన్, క్రిక్ వెల్లడించినది 1953లో. జీవకణం కూడా తన జన్యుపదార్థాన్ని ఒకసారి ప్రోటీన్ల తయారీకి ఆదేశాలుగా చదవడం, మరొకసారి నకలు తీయడం అనే ఈ రెండు పనులే చేస్తుందని ఆ తరువాత తేలింది. ప్రయోగశాలలో అడుగుపెట్టకుండా, తర్కంతోనే వాన్ నాయ్‌మన్ ఆ పద్ధతికి ముందుగా చేరుకున్నాడు. పట్టీపై ఏది వ్రాస్తే దానిని నిర్మించగల సార్వత్రిక నిర్మాత అనే భావన, ఏ లెక్కనైనా చేయగల ఆలన్ ట్యూరింగ్ సార్వత్రిక యంత్రానికి కొనసాగింపు.

మొదట ఈయన ఊహించిన నమూనాలో, విడిభాగాలు తేలుతున్న ఒక జలాశయంలో యంత్రం కూడా తేలుతూ, కావలసిన భాగాలను ఏరుకుని బిగించుకుంటుంది. ఊహ బాగున్నా, పట్టుకోవడం, అతకడం వంటి భౌతికమైన విషయాలలో తర్కం మరుగున పడిపోతుంది. లాస్ అలమోస్‌లో సహచరుడైన స్టానిస్లా ఉలామ్ దీనికి బదులుగా స్ఫటికాల పెరుగుదలను పోలిన గళ్ళపటాన్ని వాడమని సూచించాడు.

అన్ని దిక్కులా అంతులేకుండా పరచిన చదరంగపు పటాన్ని ఊహించండి. ప్రతి గడి ఏ క్షణంలోనైనా కొన్ని నిర్దిష్ట స్థితులలో ఒకదానిలో ఉంటుంది. గడియారం ఒక్కసారి టిక్కుమన్నప్పుడు ప్రతి గడీ తన స్థితిని, తన ఇరుగుపొరుగు గడుల స్థితిని చూసి ఒకే నియమం ప్రకారం కొత్త స్థితికి మారుతుంది. అన్ని గడులూ ఒకేసారి మారుతాయి. దూరాన ఏమి జరుగుతున్నదో ఏ గడికీ తెలియదు. అందరినీ నడిపే అధికారి లేడు. సెల్యులార్ ఆటోమేటన్ అంటే ఇంతే.

వాన్ నాయ్‌మన్ పటంలో ప్రతి గడికి పైన, క్రింద, కుడి, ఎడమలలో ఉన్న నాలుగు గడులే ఇరుగుపొరుగు. దీనికి నేడు వాన్ నాయ్‌మన్ పరిసరం అని పేరు. స్థితులు మొత్తం 29. అవి: ఒక నిశ్చల స్థితి, సంకేతాలను నాలుగు దిక్కులకు చేరవేసే 16 స్థితులు, సంకేతాలను కలిపే 4 స్థితులు, నిశ్చలమైన గడి కొత్త భాగంగా మారే దశలో దాటవలసిన 8 స్థితులు. ఈ గడులతో తీగలు, స్మృతి, పట్టీని చదివే చేయి, నిర్మించే చేయి అన్నీ అమర్చి, మొత్తం ఆకృతి తన ప్రతిని పక్కనే ఖాళీ స్థలంలో నిర్మించుకునేటట్లు చేయవచ్చునని చూపించడం ఆయన లక్ష్యం. అటువంటి ఆకృతికి సుమారు రెండు లక్షల గడులు కావాలని అంచనా. 1952, 1953 సంవత్సరాలలో దీనిపై విస్తారంగా వ్రాశాడు. తరువాత ప్రభుత్వ బాధ్యతలు మీదపడి వ్రాతప్రతి మధ్యలో నిలిచిపోయింది.

చివరి రోజులు

1955లో అమెరికా అణుశక్తి సంఘ సభ్యుడుగా పదవీ స్వీకారం చేశాడు. అదే సంవత్సరం క్యాన్సరు బయటపడింది. కొద్ది నెలలలో చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. 1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ చేతుల మీదుగా స్వాతంత్ర్య పతకం అందుకున్నది ఆ కుర్చీలోనే. యేల్ విశ్వవిద్యాలయంలో ఇవ్వవలసిన ఉపన్యాసాలకు కంప్యూటరును, మెదడును పోల్చుతూ వ్యాసం వ్రాయడం మొదలుపెట్టాడు. ఉపన్యాసాలు ఇవ్వలేకపోయాడు, వ్యాసమూ పూర్తి కాలేదు. అది 1958లో పుస్తకంగా వెలువడింది.

వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో చివరి నెలలు గడిచాయి. సైనిక రహస్యాలు ఎన్నో తెలిసినవాడు కనుక అక్కడ కూడా భద్రత ఉండేది. ఆలోచనాశక్తి సన్నగిల్లడాన్ని భరించలేక ఈయన పడిన వేదనను మిత్రులు తరువాత వ్రాశారు. మతం పట్ల పెద్దగా ఆసక్తి చూపని ఈయన చివరి రోజులలో కేథలిక్ మతాచార్యుని పిలిపించుకున్నాడు. 1957 ఫిబ్రవరి 8న 53వ ఏట మరణించాడు. ప్రిన్స్‌టన్ శ్మశానవాటికలో సమాధి ఉన్నది.

మరణానంతరం

అసంపూర్ణమైన వ్రాతప్రతిని ఆర్థర్ బర్క్స్ అనే సహచరుడు ఏళ్ళ తరబడి శ్రమించి, ఖాళీలు పూరించి, తప్పులు దిద్ది 1966లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ద్వారా ప్రచురింపజేశాడు. 1968లో ఎడ్గర్ కాడ్ 29 స్థితులు అవసరం లేదని, ఎనిమిదితోనే ఆ పని చేయవచ్చునని చూపించాడు.

ఈ విషయం సామాన్య పాఠకులకు చేరినది 1970లో. ఇంగ్లండుకు చెందిన జాన్ కాన్వే (1937-2020) రూపొందించిన జీవక్రీడను మార్టిన్ గార్డ్‌నర్ తన పత్రికా శీర్షికలో పరిచయం చేశాడు. ఇందులో గడికి రెండే స్థితులు: బ్రతికి ఉండటం, లేకపోవటం. మూలలతో కలిపి ఎనిమిది గడులు పొరుగు. బ్రతికి ఉన్న గడికి రెండు లేదా మూడు సజీవమైన పొరుగు గడులుంటే అది బ్రతుకుతుంది, లేకుంటే చనిపోతుంది. ఖాళీ గడికి సరిగ్గా మూడు సజీవమైన పొరుగు గడులుంటే అందులో జీవం పుడుతుంది. విద్యార్థులు గళ్ళ నోటుపుస్తకంలో అడ్డంగా మూడు గడులు నింపి చూడవచ్చు. రెండు చివరల గడులకు ఒక్కొక్క పొరుగే కనుక అవి పోతాయి, నడిమిది నిలుస్తుంది, దానికి పైన, క్రింద రెండు కొత్తవి పుడతాయి. అడ్డగీత నిలువుగీత అవుతుంది, తరువాతి అడుగులో మళ్ళీ అడ్డగీత అవుతుంది. ఇంత చిన్న నియమాలతో ఏ కంప్యూటరు చేసే లెక్కనైనా చేయవచ్చునని తరువాత నిరూపితమైంది.

1980ల నుండి స్టీఫెన్ వుల్‌ఫ్రమ్ ఒకే వరుసలో ఉండే గడులను క్రమబద్ధంగా పరిశీలించాడు. గడికి రెండు స్థితులు, కుడి ఎడమలు మాత్రమే పొరుగు అయితే సాధ్యమైన నియమాలు 256. వాటిలో 110వ సంఖ్య గల నియమం కూడా సార్వత్రిక కంప్యూటరేనని మాథ్యూ కుక్ నిరూపించాడు. ఆ నిరూపణ 2004లో ప్రచురితమైంది.

శాస్త్రవేత్తలకు ఈ పద్ధతి వేరొక విధంగా ఉపకరించింది. 1986లో ఫ్రిష్, హాస్లాకర్, పోమో అనే ముగ్గురు షడ్భుజాకార జాలంపై కదిలే కణాలతో ద్రవప్రవాహాన్ని అనుకరించారు. 1992లో నాగెల్, ష్రెకెన్‌బర్గ్ రహదారిని ఏడున్నర మీటర్ల గడులుగా విభజించి, ఒక్కొక్క గడిలో ఒక్క వాహనం మాత్రమే ఉండవచ్చునన్న నియమంతో నమూనా చేశారు. ప్రతి వాహనం వీలైతే వేగం పెంచుతుంది, ముందు వాహనం దగ్గరైతే తగ్గిస్తుంది, అప్పుడప్పుడు కారణం లేకుండానే కొంచెం నెమ్మదిస్తుంది. ప్రమాదం గాని, అడ్డంకి గాని లేకపోయినా వాహనాలు నిలిచిపోయి, ఆ నిలుపుదల వెనుకకు ప్రాకుతుంది. రద్దీ రోడ్లపై ప్రయాణించే వారందరికీ ఇది పరిచితమైన అనుభవమే. 1987లో బాక్, టాంగ్, వీసెన్‌ఫెల్డ్ ప్రతిపాదించిన ఇసుక కుప్ప నమూనాలో గడిలో నాలుగు రేణువులు చేరగానే అది కూలి నాలుగు పొరుగు గడులకూ ఒక్కొక్కటి పంచుతుంది. ఈ నమూనాకు 1990లో కచ్చితమైన గణిత పరిష్కారాలు చూపిన దీపక్ ధర్ భారతీయుడు. 2022లో బోల్ట్‌జ్‌మన్ పతకం అందుకున్నవారిలో ఒకడు. అయితే తెరపై కనిపించే ఆకృతి ప్రకృతిలోని ఆకృతిని పోలి ఉన్నంత మాత్రాన ప్రకృతి ఆ నియమంతోనే నడుస్తున్నదని చెప్పలేము. ఉత్సాహవంతులు వ్రాసిన పుస్తకాలు చదివేటప్పుడు ఈ జాగ్రత్త అవసరం.

వాన్ నాయ్‌మన్ కాగితంపై గీసిన ఆకృతి చాలా కాలం కాగితంపైనే ఉండిపోయింది. అంత పెద్ద పటాన్ని నడిపే శక్తి ఆనాటి కంప్యూటర్లకు లేదు. 1995లో ఉంబెర్తో పెసవెంతో, 29 స్థితులకు మరి మూడు చేర్చిన పటంలో, ఆ యంత్రం కంప్యూటరుపై తన ప్రతిని తాను నిర్మించుకోవడాన్ని ప్రచురించి చూపించాడు. అప్పటికి వాన్ నాయ్‌మన్ మరణించి 38 సంవత్సరాలు గడిచాయి.